అడుగుతూ నడిచిన మనిషి

మాది తాండూరు దగ్గర పల్లె. కంది చేలు, నాపరాతి గనులు తప్ప చెప్పుకోదగ్గ వింతలు లేవు. సెలవునాడు పొద్దుటి రైల్లో ఇంటికి పోతుంటే వికారాబాదులో పట్నం కుర్రాళ్లు గుంపుగా దిగుతారు. భుజాన సంచులు, కాళ్లకు కొత్త బూట్లు. అనంతగిరి అడవిలో సరదాగా నడవడానికట. పైసలు పెట్టి నడుస్తారని చెబితే మా నాయిన నమ్మడు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు వినోబా భావే గుర్తుకొస్తారు.

ఆయన 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో పుట్టారు. లెక్కలంటే ప్రాణం. అయినా 1916లో ఇంటర్ పరీక్ష రాయడానికి బొంబాయి రైలెక్కి, సూరత్‌లో దిగిపోయి కాశీ దారి పట్టారు. సర్టిఫికెట్లు అంతకుముందే తల్లి పొయ్యిలో వేసేశారు. (మా లెక్చరర్లు ఈ పేరా చదవకుందురు గాక!) ఆ ఏడే గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ మొదట ఎంచుకున్నది ఈయననే. ఆ తరువాత జైళ్లు. వేలూరు జైలులో మన దక్షిణాది భాషలకు కూచున్నారు.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం. వార్ధాలో రైలెక్కితే తెల్లారేసరికి చేరవచ్చు. ఆయన నడిచే వస్తానన్నారు. వయసు 55, కడుపులో పుండు. మార్చి 8న బయల్దేరి, సుమారు 300 మైళ్లు నెల రోజుల్లో నడిచి వచ్చారు.

అప్పటికి తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా ఆరలేదు. పల్లెలో పగలు పోలీసుల భయం, రాత్రి ఇంకో భయం. సమ్మేళనం అయ్యాక ఏప్రిల్ 15న ఆయన ఆ పల్లెల్లోకే నడిచారు. 18న నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరారు. అక్కడి హరిజన కుటుంబాలు 40 దాకా వచ్చి, 80 ఎకరాలుంటే బతుకుతామన్నాయి. సర్కారుకు రాస్తానని చెప్పబోయి, ఎందుకో ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా పుట్టింది. తెలంగాణలో 51 రోజులు తిరిగితే 12 వేల ఎకరాలు దాటింది.

ఆ నడక 1964 దాకా ఆగలేదు. తెల్లవారుజామునే లాంతరు పట్టుకుని బయల్దేరడం, రోజుకు పది పన్నెండు మైళ్లు. మొత్తం 36 వేల మైళ్లు దాటిందని లెక్క. భూమి చుట్టుకొలత 25 వేల మైళ్లు వేసుకోండి, ఒకటిన్నర చుట్టు అవుతుంది!

ఐదు కోట్ల ఎకరాలు అడిగితే వచ్చింది సుమారు 42 లక్షలు. అందులో రాళ్లూ రప్పలూ, కోర్టు తగాదా భూములూ చాలా ఉన్నాయి. పేదల చేతికి అందనిది ఎంతో. ఎమర్జెన్సీని ఆయన సమర్థించడం కూడా నాకు మింగుడుపడదు. 1982 నవంబరు 15న, అన్నమూ మందూ మానేసి పౌనార్ ఆశ్రమంలో కన్నుమూశారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా చేనికి పోయే బండ్ల బాట పోయిన ఎండాకాలం మూతపడింది. పక్క పొలం కొన్న పట్నం ఆసామి ఫామ్‌హౌస్ కట్టి, బాటకు అడ్డంగా కంచె వేశాడు. తాతల నాటి నుంచి నడిచిన బాట. ఎడ్లబండి రెండు మైళ్లు చుట్టు తిరిగి పోతున్నది. నాయిన కోర్టుకు పోదామంటాడు, లేకుంటే ఆ మూడెకరాలూ అమ్మేద్దామంటాడు. కంచె పీకేద్దామని మా చిన్నాయన. నేను మాత్రం ముందు పోయి అడుగుదామన్నాను. నాయిన నవ్వి, అడిగితే ఇచ్చే రోజులు పోయినయి బిడ్డా అన్నాడు. పోచంపల్లి సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఆసామి ఆదివారాల్లోనే వస్తాడట. వచ్చే ఆదివారం నాయిన కూడా వస్తానన్నాడు. చుట్టు తిరిగి, నడిచే పోతాం.