నిజాం రైలుకు బాట వేసిన దివాన్: మొదటి సాలార్ జంగ్

ఖమ్మం స్టేషన్ మీదుగా సికింద్రాబాద్‌కూ, విజయవాడకూ పోయే రైళ్ళు ఎక్కని ఊరు జిల్లాలో ఉండదు. ఈ రైలుదారి వేయడానికి మొదట పూనుకున్నది ఎవరు, అప్పు ఎవరి ఖజానా మీద పడింది, పెత్తనం ఎవరి చేతికి పోయింది అనే కథలో ఖమ్మంతో సంబంధం ఉన్న మనిషి ఒకరున్నారు. ఆయన మీర్ తురాబ్ అలీఖాన్. మొదటి సాలార్ జంగ్‌గా పేరుపొందారు. హైదరాబాద్ వెళ్ళి మ్యూజియం చూసి వచ్చిన వారిలో చాలామంది అక్కడి వస్తువులన్నీ ఆయనే కూడబెట్టారని అనుకుంటారు. ఎక్కువ భాగం సేకరించింది ఆయన మనుమడు మూడవ సాలార్ జంగ్. మేలిముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మను మాత్రం ఈ తాతగారే 1876లో ఇటలీ నుంచి తెచ్చారు.

ఆయన 1829 జనవరి 21న పుట్టారు. దివాన్లను ఇచ్చిన కుటుంబం అది. హైదరాబాద్‌లోని మీరాలం చెరువు ఏ మీర్ ఆలం పేరు మీద వెలిసిందో, ఆ దివాన్ వంశమే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పినతండ్రి సిరాజుల్ ముల్క్ సంరక్షణలో పెరిగారు. ఫారసీ, అరబ్బీలతోపాటు ఇంగ్లీషు కూడా నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో ఆయనకు దొరికిన మొదటి ఉద్యోగం ఖమ్మం ప్రాంతపు తాలూక్‌దారీ. అంతకుముందు ఆ పెత్తనం డైటన్ అనే ఇంగ్లీషువాడు చూశాడు. ఆ రోజుల్లో తాలూక్‌దారు అంటే జీతం తీసుకునే అధికారి కాడు. సర్కారుకు ఇంత కడతానని ఒప్పుకుని, రైతుల దగ్గర ఎంత పిండుకోగలిగితే అంత పిండుకునే గుత్తదారు. శిస్తు లెక్క ఊరిలో ఒకటి, ఖజానాలో మరొకటి. యువకుడు ఇక్కడ ఉన్నది కొన్ని నెలలే అయినా, ఈ పద్ధతిలోని తెగులు ఏమిటో కళ్ళారా చూశారు. తరువాత దివాన్ అయ్యాక ఆయన మొదట చెయ్యి పెట్టింది దీని మీదే.

1853 మేలో పినతండ్రి చనిపోయారు. 24 ఏళ్ళ తురాబ్ అలీకి దివాన్‌గిరీ అప్పజెప్పారు. అది పండుగ చేసుకునే సమయం కాదు. కొద్ది రోజుల ముందే, పత్తి పండే బేరారు నేలను కంపెనీ బాకీ కింద ఆంగ్లేయులు తమ పాలనలోకి తీసుకున్నారు. సిపాయిలకు జీతాలు లేవు. అరబ్బు, రోహిల్లా వడ్డీ వ్యాపారుల చేతుల్లో ఊళ్ళకు ఊళ్ళే తాకట్టు పడి ఉన్నాయి. నిజాం ఆభరణాలు కూడా తాకట్టులోనే ఉన్నాయి. దివాన్ ఒక్కొక్క ముడే విప్పుతూ వచ్చారు. నగలు విడిపించారు. గుత్త తాలూక్‌దారులను తీసివేసి జీతాల అధికారులను పెట్టారు. 1865లో జిల్లాబందీ చేశారు. జిల్లా, తాలూకా అని మన పెద్దలు అలవాటుగా అనుకునే పాలన చట్రం ఈ రాజ్యంలో అప్పుడు ఏర్పడినదే.

1857లో ఆయన ఆంగ్లేయుల పక్షాన నిలబడ్డారు. రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రెబాజ్ ఖాన్‌ను వీరుడిగా తలచుకునే వారికి ఈ దివాన్ మీద ఈనాటికీ మంచి అభిప్రాయం లేదు. అందులో తప్పు పట్టవలసింది లేదు. ఆ సాయానికి బదులుగా 1860లో ఆంగ్లేయులు 50 లక్షల బాకీ కొట్టివేశారు. రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి ఇచ్చారు. బేరారు మాత్రం ఇవ్వలేదు. దివాన్ జీవితమంతా ఆ బేరారు ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. రైలు కథలో కూడా అది అడ్డం వచ్చింది.

రాజధానికి రాని రైలు

బొంబాయి నుంచి బయలుదేరిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1867 నాటికి బేరారు గుండా నాగపూర్ చేరింది. అంటే పోగొట్టుకున్న నేలకు రైలు వచ్చింది, రాజ్యం ఏలే నగరానికి రాలేదు. అదే కంపెనీ వేసిన మరో దారి గుల్బర్గా, వాడి మీదుగా వచ్చి, మద్రాసు నుంచి వచ్చే దారితో 1871లో రాయచూరు దగ్గర కలిసింది. బొంబాయి, మద్రాసు పట్టణాల మధ్య బండి నిజాం నేల మీదుగా పోతోంది. హైదరాబాద్ మాత్రం పక్కకు ఉండిపోయింది. నగరం నుంచి వాడి వరకు 100 మైళ్ళకు పైన బండిబాట. ఎడ్లబండిలో పోయేవాడికి రోజులు పట్టే దారి.

ఆంగ్లేయులకు కూడా ఈ దారి కావాలి. సికింద్రాబాద్ కంటోన్మెంటులో వారి పటాలం ఉంది. అవసరం వస్తే సిపాయిలను, ఫిరంగులను వేగంగా తరలించాలి. దివాన్ ఆలోచన వేరు. సరుకు కదిలితే వ్యాపారం పెరుగుతుంది, వ్యాపారం పెరిగితే ఖజానా నిండుతుంది, ఖజానా నిండితే బేరారు విడిపించుకునే దారి దొరుకుతుందన్నది ఆయన లెక్క. ఇద్దరి అవసరమూ ఒకే పట్టాల మీద పడింది కాని, బేరంలో ఇద్దరూ సమానులు కారు.

1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా నిజాం చనిపోయారు. వారసుడు మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. సాలార్ జంగ్, అమీరె కబీర్ ఇద్దరూ సహ పాలకులుగా రాజ్యభారం మోశారు. అంతకుముందు నిజాం బతికి ఉన్న కాలంలో దివాన్‌కు నగరం దాటి పోవడానికే అనుమతి కావలసి వచ్చేది. రాజ్యమంతటికీ దారులు వేయించిన మనిషి సొంతంగా గడప దాటలేని స్థితి అది.

1870 మేలో రైలు ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. అందులోని షరతులు రైతులకు సులభంగా అర్థమవుతాయి. దారికి అయ్యే పెట్టుబడి నిజాం సర్కారుది. వచ్చే లాభం, నష్టం నిజాం సర్కారువి. కట్టేది, నడిపేది మాత్రం ఆంగ్లేయ ప్రభుత్వం నియమించిన ఇంజనీర్లు, అధికారులు. బావి తవ్వించిన ఖర్చు ఒకరిది, మోట తోలే అధికారం మరొకరిది అయినట్టు కుదిరింది. ఇక రైలు భూముల మీద పోలీసు, న్యాయ అధికారం కూడా క్రమంగా ఆంగ్లేయుల చేతికే పోయింది.

ఇది చిన్న సంగతి కాదని తరువాత కాలంలో బయటపడింది. ఇదే దారిలో ఉన్న శంకరపల్లి స్టేషన్‌లో నిజాం ప్రజ ఒకరిని సిమ్లా నుంచి వచ్చిన వారంటుతో పట్టుకున్నారు. తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. స్టేషన్ ఉన్న నేల నిజాందేననీ, అప్పగించిన అధికారం రైలు వ్యవహారాల వరకేననీ, ఆ అరెస్టు చెల్లదనీ 1897లో తీర్పు వచ్చింది. ఆ మాట వినడానికి సాలార్ జంగ్ లేరు.

1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్ వరకు రైలు నడిచింది. తాండూరు, వికారాబాద్ మీదుగా వచ్చే దారి అది. పెద్ద పట్టాల దారి, అంటే బ్రాడ్‌గేజి. బొంబాయి దారి కూడా అదే కొలత కావడంతో వాడిలో సరుకు దించి మళ్ళీ ఎక్కించే బెడద లేకపోయింది. బండ్లు నడిపే పని మొదట పెనిన్సులా కంపెనీకే అప్పగించారు. రైలు ఆగింది కంటోన్మెంటు పక్కన, సికింద్రాబాద్‌లో. నాంపల్లిలో నగరానికి స్టేషన్ కట్టింది 1907లో.

ప్రయాణికులకు సౌకర్యం కలిగింది గాని, రాబడి వడ్డీకి చాలలేదు. కారణం లేకపోలేదు. దారి రాజధాని దగ్గరే ఆగిపోయింది. తూర్పున వరంగల్లు, ఖమ్మం వైపు పండే పంట, దొరికే సరుకు ఆ రైలుకు అందవు. ఒక చివర మూసిన కాలువలో నీరు ఎంత పారుతుంది? తెచ్చిన అప్పులు, వాటి వడ్డీ ఖజానా మీద పడ్డాయి. రైలు కోసం దివాన్ లండన్‌లో అప్పు వెదుకుతుంటే, ఆ డబ్బుతో బేరారు అడుగుతాడేమోనని ఆంగ్లేయ ప్రభుత్వం అనుమానంగా చూసింది.

1876లో ఆయన సీమకు వెళ్ళారు. దారిలో పారిస్‌లో హోటల్ మెట్ల మీద జారిపడి కాలు విరిగింది. అయినా లండన్ చేరి, బేరారు మాట ఎత్తారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చి గౌరవించింది. లండన్ నగరం పౌర సత్కారం చేసింది. బేరారు మాత్రం రాలేదు. తిరిగి వచ్చాక ఆంగ్లేయులు ఆయన రెక్కలు కత్తిరించారు. తోటి పాలకుడు 1877లో చనిపోగా, ఆయన స్థానంలో సాలార్ జంగ్‌కు సరిపడని వికారుల్ ఉమ్రాను తెచ్చి కూర్చోబెట్టారు. వికారుల్ ఉమ్రా 1881లో పోయేవరకు దివాన్‌కు ఊపిరి సలపలేదు.

తూర్పు దారి

ఈలోగా మన ప్రాంతంలో ఒక సంగతి జరిగింది. భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ 1871, 72 ప్రాంతంలో ఇల్లెందు అడవిలో బొగ్గు కనుగొన్నారు. దగ్గరలోని సింగరేణి ఊరి పేరే ఆ బొగ్గుకు స్థిరపడింది. రైలుకు బొగ్గు కావాలి. బొగ్గును బయటకు తేవాలంటే రైలు కావాలి. తూర్పుకు దారి సాగించడానికి ఇంతకంటే మంచి కారణం ఇంకొకటి అక్కరలేదు. బెజవాడ చేరితే కృష్ణ కాలువలు, వాటి మీదుగా సముద్రం దగ్గరవుతాయి. ఉత్తరంగా చాందా చేరితే మధ్య ఇండియా కలుస్తుంది.

రాజ్యం దగ్గర డబ్బు లేదు. అందుకని ఉన్న వాడి దారిని లండన్‌లో ఏర్పడే కంపెనీకి ఇచ్చి, వరంగల్లు మీదుగా కొత్త దారులు ఆ కంపెనీ చేతనే వేయించాలన్న ఏర్పాటు ముందుకు వచ్చింది. 1882, 83లో దాని మీద బేరసారాలు సాగుతున్నాయి. కంపెనీ పెట్టుబడికి 20 ఏళ్ళపాటు నూటికి 5 వంతున రాబడికి నిజాం సర్కారు హామీ ఉండాలి. రైలు సంపాదించకపోతే తక్కువ పడినది ఖజానా పూడ్చాలి. పంట ఎండినా కౌలు కట్టవలసిన కౌలుదారు గతి వంటిది ఇది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులో గ్యారంటీ అనే మాట వచ్చింది ఇందువల్లనే. ఈ బేరం మంచిదా చెడ్డదా అంటే, దారి మాత్రం వచ్చింది గాని దానికి చెల్లించిన ధర ఎక్కువే అని చెప్పాలి.

ఆ ఏర్పాటు పూర్తికాకముందే 1883 ఫిబ్రవరి 8న సాలార్ జంగ్ కలరాతో హఠాత్తుగా కన్నుమూశారు. ముందురోజే మీరాలం చెరువు మీద ఒక జర్మన్ రాజవంశీయుడికి విందు ఇచ్చారు. వయసు 54 ఏళ్ళు. హైదరాబాద్‌లోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి చేశారు.

దివాన్ పోయాక రైలు బేరం జనం నోళ్ళలో పడింది. హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారు కలిసి, చాందా రైలు పథకం కాగితాలు ప్రజల ముందు పెట్టాలని, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలని అడిగారు. అప్పు తీర్చేది ప్రజలే గనుక అడిగే హక్కు వారిదే. దానికి బదులుగా 1883 మే 20న అఘోరనాథను రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. సరోజినీ నాయుడు తండ్రి ఈయనే. రైలు పథకం మీద ప్రజలు సర్కారును లెక్క అడగడం హైదరాబాద్‌లో ఇది తొలిసారి అని చెప్పవచ్చు. సాలార్ జంగ్ బతికి ఉంటే కాగితాలు చూపించేవారా అన్నది అనుమానమే. ఆయన మంచి పాలకుడే గాని, ప్రజలను అడిగి పనిచేసే అలవాటు ఆ దర్బారులో ఎవరికీ లేదు.

అదే ఏడాది డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1885 జనవరి 1న వాడి దారి కంపెనీకి దఖలైంది. అప్పుడు దివాన్‌గా ఉన్నది ఆయన కుమారుడు రెండవ సాలార్ జంగ్. 1886లో రైలు వరంగల్లు చేరింది. 1888లో డోర్నకల్లుకు, అక్కడి నుంచి ఇల్లెందు గనుల వైపుకు పట్టాలు పడ్డాయి. ఖమ్మం, మధిర మీదుగా 1889 ఫిబ్రవరి 10న బెజవాడ వరకు దారి పూర్తయింది. అదే ఏడాది సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. ఇప్పుడు డోర్నకల్లు మహబూబాబాద్ జిల్లాలోనూ, ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనూ ఉన్నాయి. ఆనాడు ఈ ప్రాంతమంతటికీ ఒకే రైలు, ఒకే కంపెనీ. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు కలవడానికి ఇంకో పదేళ్ళు, అంటే 1899 దాకా ఆగవలసి వచ్చింది. జనం తగాదా పడిన చాందా వైపు దారి మరీ ఆలస్యం. కాజీపేట నుంచి బల్హార్షా వరకు 1929లో పూర్తయింది. ఢిల్లీ, మద్రాసుల మధ్య బండ్లు మన జిల్లా మీదుగా పోవడం అప్పటి నుంచే.

మరుసటి ఏడాది, 1930 ఏప్రిల్ 1న, నిజాం సర్కారు కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. తన డబ్బుతో మొదలైన దారి మీద పెత్తనం తన చేతికి రావడానికి, సాలార్ జంగ్ పోయాక 47 ఏళ్ళు పట్టింది. పెత్తనం వచ్చాక ఏం చేయవచ్చో రెండేళ్ళలోనే కనిపించింది. రైలు అందని ఊళ్ళకు స్టేషన్ల నుంచి బస్సులు వేయాలని నిర్ణయించి, 1932 జూన్‌లో ఆ రైల్వే శాఖ కిందనే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం ప్రారంభించారు. నేడు తెలంగాణ పల్లెల్లో తిరుగుతున్న ఆర్టీసీ బస్సు పుట్టుక అక్కడే. 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వానికి చేరింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1874లో వాడి నుంచి వచ్చిన మొదటి బండి ఆగిన ఊరు కూడా అదే.