మట్టిపెళ్లకు మనసుందా? - డా. రాధాకృష్ణన్ జీవితంలో ఒక ప్రశ్న

సెప్టెంబరు 5 వస్తే పటానికి పూలదండ వేసి, ఉపన్యాసాలు విని ఇండ్లకు పోతాం. ఆ పటంలోని సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఏ ప్రశ్నలతో పెనుగులాడారో మాత్రం అడగం. సైన్సు చదివే మనకు అందులో ఒకటి తెలియడం అవసరమని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తిరుపతి, వేలూరు మిషన్ విద్యాలయాల్లో చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. వేదాంతంలో నీతికి చోటు లేదని మిషనరీలు చేసే విమర్శ ఆయనను కలవరపెట్టింది. కోపగించుకోలేదు; గ్రంథాలు తిరగేశారు. 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి మీదనే వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్న గురువు ఎ.జి. హాగ్ స్వయంగా క్రైస్తవ మిషనరీ కావడం విశేషం.

ఆ కాలంలో యూరపు పండితులకు ఒక చిక్కు వచ్చిపడింది. ప్రపంచమంతా జడమైన అణువుల ఆటే అయితే మనసు ఎక్కడినుంచి వచ్చినట్టు? కేంబ్రిడ్జి తత్త్వవేత్త జేమ్స్ వార్డ్ పాదిరీ వృత్తి వదిలి శాస్త్రం వైపు వచ్చినవాడు. ప్రకృతిలో పూర్తిగా జడమైనదేదీ లేదు, అంతటా ఎంతో కొంత చైతన్యమున్నది, అన్నిటికీ ఆధారం దేవుడు అని ఆయన వాదం. ఇది సర్వచైతన్యవాదం. 1920లో వెలువడిన గ్రంథంలో రాధాకృష్ణన్ గారు వార్డును, ఆయనకు పూర్వుడైన లైబ్నిజును పరీక్షకు పెట్టారు. లెక్కలేనన్ని మనసులుంటే వాటిని ఒక్కటిగా కట్టేదేమిటి? తర్కం ఒకే పరతత్త్వం వైపు నడుస్తుంటే వీరు మతవిశ్వాసం కొద్దీ నడుమనే ఆగిపోయారని ఆయన తీర్పు.

1929లో ఇంగ్లండులో ఇచ్చిన ఉపన్యాసాలు 1932లో పుస్తకంగా వచ్చాయి. అప్పుడాయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. జడం, ప్రాణం, మనసు మెట్లవంటివని, పైమెట్టు కింది మెట్టు మీదనే నిలిచినా దానికన్నా కొత్తదని అందులో వివరించారు.

మా రైతుల ఇండ్లల్ల ఎద్దుకు మనసున్నదంటే ఎవరూ కాదనరు. విత్తనం దగ్గర తడబడతాం. మట్టిపెళ్ల అంటే నవ్వుతాం. మరి గీత ఎక్కడ గీయాలె? మెదడు గురించి ఇంత తెలిసినా ఈ ప్రశ్న నేటికీ తెగలేదు.

రాధాకృష్ణన్ గారు కూడా చివరికి తమ సంప్రదాయంలోని అద్వైతం దగ్గరికే చేరారు గదా అని అడగవచ్చు. అడగాలె కూడా. ఇతరులకు పెట్టిన పరీక్ష ఆయనకూ వర్తిస్తుంది.

1962 నుండి 1967 దాకా రాష్ట్రపతిగా ఉండి, 1975లో టెంపుల్టన్ బహుమతి పొంది, ఆ ఏడాదే ఏప్రిల్ 17న కన్నుమూశారు. మనకు ఇష్టమైన నమ్మకాన్నే, అది గుడిదైనా, చర్చిదైనా, ప్రయోగశాలదైనా, ముందుగా పరీక్షించుకోవడం ఆయనకు మనం చెల్లించగల గురుదక్షిణ.