వైద్యుడు నిత్య విద్యార్థి: సర్ రోనాల్డ్ రాస్
(ఆగస్టు 20, ప్రపంచ దోమల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

దోమకూ మలేరియాకూ గల సంబంధాన్ని సికింద్రాబాదులో వెలికితీసి ప్రపంచ ఖ్యాతి గడించిన వైద్య శాస్త్రవేత్త సర్ రోనాల్డ్ రాస్. పట్టా పొందిన నాటితో వైద్యుని చదువు ముగిసిపోదని ఆయన జీవితం చాటుతోంది.

1857 మే 13న అల్మోరాలో జన్మించిన రాస్ లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించారు. తొలినాళ్లలో ఆయనకు వైద్యం కంటే సాహిత్యం, గణితాలపైనే మక్కువ ఎక్కువ. అయితే 1888లో సెలవుపై లండన్ వెళ్లినపుడు ఆ విరామాన్ని విద్యకే వినియోగించి, ప్రజారోగ్యంలో డిప్లొమాతో పాటు బాక్టీరియాలజీలో శిక్షణ పొందారు.

మలేరియా పరాన్నజీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో కనుగొన్నారు. తన సూక్ష్మదర్శినిలో అది కానరానందున రాస్ దాని ఉనికినే శంకించారు. జ్వరానికి పేగులలోని దోషమే కారణమని వ్యాసాలు సైతం ప్రకటించారు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆ జీవిని ఆయనకు ప్రత్యక్షంగా చూపారు. వ్యాధి వ్యాప్తిలో దోమల పాత్ర ఉండవచ్చుననీ సూచించారు. 13 ఏళ్ల అనుభవం గల వైద్యాధికారి తన అభిప్రాయాన్ని విడనాడి తిరిగి విద్యార్థి అయ్యారు.

1895లో సికింద్రాబాదు చేరిన రాస్ వృత్తి విధులు నిర్వర్తిస్తూనే పరిశోధన ప్రారంభించారు. మధ్యలో కలరా నివారణకై బెంగుళూరు వెళ్లవలసి వచ్చింది. మలేరియాను మోయని జాతుల దోమలను పరీక్షించినందున చాలాకాలం ఫలితం దక్కలేదు. ఎట్టకేలకు 1897 ఆగస్టు 20న, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ జీర్ణకోశపు గోడలో పరాన్నజీవి కణాలను గుర్తించారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, వ్యాధి దోమకాటు ద్వారా సంక్రమించే విధానాన్ని నిరూపించారు. ఈ కృషికి 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న ఆయన లండన్‌లో కన్నుమూశారు. ఆయన పరిశోధన సాగించిన బేగంపేట భవనం నేటికీ స్మారకంగా నిలిచి ఉంది.

రాస్ స్వయంగా ఎంచుకున్న మార్గం అనంతర కాలంలో వృత్తి ధర్మంగా రూపొందింది. వైద్యులు ప్రతి 5 సంవత్సరాలలో కనీసం 30 గంటలపాటు నిరంతర వైద్యవిద్యా కార్యక్రమాలలో పాల్గొనాలని భారత వైద్య మండలి 2002లో నియమావళి రూపొందించింది. వైద్యుడు కాలానుగుణంగా తన జ్ఞానాన్ని సరిదిద్దుకున్నపుడే రోగికి సరైన చికిత్స అందుతుంది. రాస్ జీవితం నేటి వైద్యులకు అందించే స్ఫూర్తి ఇదే.