పైసలియ్యకుంట ఆట నేర్సుకున్న మాలి కొడుకు

గోల్ఫ్ తోని మనకేం పని అని ఈ పేజీ దాటిపోకుండ్రి తమ్మీ, చెల్లే. ఆ ఆట పైసలున్నోళ్లదే, నేనేం కాదంటలేను. హైదరాబాద్‌ల గోల్కొండ కోట పక్కపొంటి నయా ఖిల్లా కాడ గోల్ఫ్ మైదానం ఉంది. మనసొంటోళ్లు దాన్ని బయట నిలవడి చూసుడే ఎక్కువ. గని అమెరికాల ఈ ఆటను పెద్దోళ్ల గేట్ల నుంచి బయటికి గుంజుకొచ్చినోడు ఒక తోటమాలి కొడుకు. ఆయన ఆట నేర్సుకున్నది పైస కట్టకుంట, సభ్యత్వం లేకుంట, ఆ పెద్దోళ్ల గడ్డి మీదనే. పేరు ఫ్రాన్సిస్ విమెట్. ఇంగ్లీషుల రాసుడొక తీరు, పలుకుడొక తీరు. విమెట్ అనే అంటరు.

నేను ఈయన కథ ఎందుకు ఎత్తుకున్ననంటే, మన ఊర్లల్ల ఆడే పోరగాండ్లకు ఎప్పుడూ ఒక్కటే తిప్పల. ఆటొస్తది, జాగ ఉండది. జాగున్న కాడ గేటుంటది. పొద్దుగాల లోపలికి పోవచ్చునా, పోతే ఎట్ల మసులుకోవాలె, ఎవలన్నొచ్చి లెవ్వమంటే ఏం చెయ్యాలె, ఇవేవీ ఎవలూ చెప్పరు. విమెట్‌కు సుత ఎవలూ చెప్పలే. ఆయనంతట ఆయనే నేర్సుకున్నడు.

1893 మే 8న బోస్టన్ పక్కన బ్రూక్లిన్ అనే ఊర్ల పుట్టిండు. నాయిన ఆర్థర్, కెనడా నుంచి వలసొచ్చిన ఫ్రెంచి మాట మనిషి, తోటపని చేసెటోడు. తల్లి మేరీ ఐరిష్ ఇంటి బిడ్డ. పిలగాడు నాలుగేండ్ల ఈడున్నప్పుడు క్లైడ్ స్ట్రీట్ ఇంటికొచ్చిండ్రు. రోడ్డుకు ఇవుతల వీళ్లిల్లు, అవుతల ది కంట్రీ క్లబ్. 1894ల అమెరికా గోల్ఫ్ సంఘం పెట్టినప్పుడు కూడిన ఐదు క్లబ్బులల్ల అదొకటి. అంటే దేశంలనే పెద్ద గేటన్నట్టు. వీళ్లింటి ముంగట నిలవడితే ఆ క్లబ్బు పదిహేడో గుంత కనవడుతుండె.

ఆట తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు చెప్త. మైదానంల పద్దెనిమిది గుంతలుంటయి. దూరంకెల్లి కర్రతోని బంతి కొట్టుకుంట పోయి గుంతల ఎయ్యాలె. ఎంత తక్కువ దెబ్బలైతే అంత గొప్ప. గుంత చుట్టు ఉండే గడ్డిని గ్రీన్ అంటరు. అది చాపలెక్క నున్నగుంటది, మడిమె గట్టిగ నొక్కినా సొట్ట పడ్తది. పెద్దమనుషుల కర్రల సంచి మోసే పోరగాన్ని క్యాడీ అంటరు.

ఫ్రాన్సిస్ బడికి పోయే తొవ్వ ఆ మైదానం నడుమకెల్లే. దగ్గరి తొవ్వ అని అట్ల పోతుండె. పోతుంటె గడ్డిల పోయిన బంతులు దొరుకుతుండె. ఏరి ఏరి కుప్ప చేసిండు. కర్ర లేకుంట బంతులేం జేసుకుంటం? ఇంట్ల అన్న విల్‌ఫ్రెడ్ సుత క్యాడీనే. ఏరిన బంతులల్ల మంచియి తీస్కపోయి బోస్టన్‌ల ఒక ఆట సామాన్ల దుకాణంల ఇచ్చి, బదులుకు కర్ర తెచ్చుకున్నరు. ఇగ ఇంటెనుక ఆవులు మేసే చెలకల అన్నదమ్ములు మూడు గుంతల మైదానం కట్టుకున్నరు. గుంతలకు టమాట డబ్బాలు భూమిల పాతిండ్రు. నడుమ వాగు, ఒకదిక్కు మొరం గుంత. బంతి సక్కగ పోలేదా, వాగులనో మొరంలనో దేవులాడుకోవాలె. ఆ చెలకనే ఆయన మొదటి గురువని నేననుకుంట.

గప్పుడే రబ్బరు బంతి కొత్తగొచ్చింది. దాన్ని హాస్కెల్ బంతి అంటుండె. ఒకనాడు ఫ్రాన్సిస్‌కు అదొకటి దొరికింది. రంగు పోయేదాంక ఆడిండు. తర్వాత తెల్ల రంగు పూసి, జెల్ది ఆరాలెనని అమ్మ వంట పొయ్యి ఓవెన్ల పెట్టిండు. ఇల్లంత కాలిన వాసన. తల్లి పోయి తెరిసి చూస్తె రబ్బరు కరిగి పాయె. ఆ బంతి కోసం ఎంత ఏడ్సిండో నాకెరుక లేదు గని, నేనైతే వారం రోజులు అన్నం తినకపోదు.

చెలకల మూడు గుంతలు ఎన్నొద్దులు సాలుతయి? రోడ్డవుతల అసలుదే కనవడవట్టె. గందుకే నాలుగున్నరకో ఐదుకో లేసి, పనోళ్లు రాకముందే క్లబ్బుల నాలుగు గుంతలు ఆడుకొని ఇంటికొస్తుండె. వాన పడ్డనాడు ఎవలూ రారని తెల్సి, ఆనాడు సుత పోతుండె. మైదానం చూసే పెద్దమనిషి కంటవడితె ఎల్లగొట్టెటోడు. కొట్లాట పెట్టుకోకుంట వచ్చేది, మల్ల ఇంకోనాడు పోయేది.

ఇది తప్పా ఒప్పా అని అడుగుతె నా లెక్క నేను చెప్త. పిలగాడు పైస కట్టలేదు, నిజమే. గని ఎవల ఆటకూ అడ్డం పోలే. ఆ జాగ ఉత్తగ ఉండే యాల్ల చూస్కొని పోయిండు. మొక్క పీకలే, జెండ ఇరగ్గొట్టలే, లెవ్వంగనే లేసిండు. ఇయ్యాల అమెరికాల చాన పబ్లిక్ మైదానాలల్ల ప్రాక్టీసు గ్రీన్ మీద పైసలియ్యకుంట బంతి దొర్లియ్యనిస్తరు. అక్కడి మర్యాద సుత ఇదే తీరు. ముందుగాల కౌంటర్ల అడగాలె. పైసలు కట్టి ఆడవోయేటోడు వస్తె జరగాలె. ఒక్కటే గుంతను గంటలకొద్ది పట్టుకొని కూసోవద్దు. బంతి పడి సొట్టవడితె అప్పుడే సక్కజెయ్యాలె. ఎత్తుల కొట్టొద్దని బోర్డుంటె కొట్టొద్దు. దూరం కొట్టే కాడ బకెట్లకు పైసలు తీస్కొని ఇచ్చే బంతులను జేబులేసుకొని పోవద్దు, అది మాత్రం అచ్చంగ దొంగతనమే. ఇవన్ని ఒక్కతాన రాసిపెట్టి ఉండకపోవచ్చు గని, గడ్డి మీద ప్రేమున్నోనికి చెప్పాల్సిన పని లేదు.

పదేండ్లకు అటుఇటు ఈడుల ఫ్రాన్సిస్ అదే క్లబ్బుల క్యాడీగ చేరిండు. అంటే గేటు లోపలికి దర్జాగ పోవచ్చు, మోయనీకె. ఆడనీకె మాత్రం కాదు. క్యాడీలు ఆ మైదానంల ఆడొద్దని కట్టడి. మోసుకుంట మోసుకుంట మంచి ఆటగాండ్ల చేతులు, కాళ్లు ఎట్ల కదుల్తున్నయో చూసేటోడు. సామ్యూల్ కార్ అనే సభ్యుడు పాత కర్రలు నాలుగిచ్చిండు.

ఇంకో సభ్యుడు హేస్టింగ్స్. ఒకనాడు ఆయన సంచి మోస్తుంటె, పోరనికి ఆటొస్తదని తెల్సి తనతోని ఆడమన్నడు. కట్టడి ఉంది గదా అని పోరడు ఎనుకముందాడిండు గని, సభ్యుడే పిలిసినంక కాదంటడా. మంచిగనే ఆడుకుంట వచ్చిండు. పదిహేనో గుంత క్యాడీల షెడ్డు దగ్గర. ఆడ క్యాడీల మేస్త్రి చూస్తడు, పని పోతదన్న బుగులు. ఆ ఒక్క గుంతకు పది దెబ్బలు పట్టినయి. అయినా మొత్తం 84ల ముగించిండు. ఆ పది లేకపోతె ఎంతయ్యేదో మీరే లెక్కేసుకోండ్రి. గేటు బయట పెరిగిన పోరగానికి ఆట రాక కాదు, ఆ కళ్ల బుగులే ఓడగొడ్తది. నేను ఈ ఒక్క ముచ్చట కోసమే ఆయన కథ రెండుసార్లు సదివిన.

బోస్టన్‌ల ఫ్రాంక్లిన్ పార్క్ అని సర్కారు మైదానం ఉండె, తొమ్మిది గుంతలది. శనివారం వస్తె దోస్తుతోని కర్రలు భుజానేసుకొని మైలున్నర నడిసి, ట్రాము ఎక్కి, మారి, మల్ల నడిసి ఆడికి పోతుండె. అంత దూరం పోయినంక ఊకుంటరా? ఆరు రౌండ్లు, అంటే 54 గుంతలు ఆడి, వచ్చిన తొవ్వనే ఇంటికి. ఇంటి ముంగటనే బంగారమసొంటి మైదానం పెట్టుకొని గింత దూరం పోవుడు చూస్తె నాకు కడుపుల ఎట్లనో అయితది. గని ఆ పోరనికి ఎవని బుగులు లేకుంట ఆడే జాగ దొరికింది ఆ పబ్లిక్ పార్కుల్నే. దొంగసాటుగ ఆడుడు ఆట మొదలువెడ్తది గని, ఆటగాన్ని చేసేది అందరిదైన జాగనే. ఊరికో మైదానం కావాలెనని మనం అడిగేటప్పుడు ఈ ముచ్చట యాదిల పెట్టుకోవాలె.

నాయినకు ఈ ఆట నచ్చేది కాదు. పనికొచ్చేది చెయ్యమనేది. పదహారేండ్లు దాటినంక సంచులు మోస్తె వృత్తి ఆటగాని కింద లెక్క గట్టే నియమం అప్పుడుండె. గందుకే ఆ ఈడు రాంగనే క్యాడీ పని ఇడిసిపెట్టిండు. 1910ల దేశ అమెచ్యూర్ పోటీ ఇంటి ముంగటి క్లబ్బుకే వచ్చింది. దాంట్ల దిగాల్నంటే ఏదన్న క్లబ్బుల సభ్యుడై ఉండాలె. వుడ్‌ల్యాండ్ క్లబ్బు చిన్నోళ్ల సభ్యత్వం 25 డాలర్లు. తల్లి దగ్గర అప్పు తీస్కున్నడు. తల్లి ఉత్తగియ్యలే, అప్పే. ఎండకాలం బోస్టన్‌ల బట్టల దుకాణంల పనికి పోయిండు, వారానికి 4 డాలర్లు. ఆరు వారాల పైన కూలి అంత ఆ చీటికే పోయిందన్నట్టు. గింత జేస్తె, ఒక్క దెబ్బ తేడాతోని అర్హత తప్పిండు.

1913 సెప్టెంబర్‌ల యూఎస్ ఓపెన్ అదే కంట్రీ క్లబ్బుల. అప్పటికి ఫ్రాన్సిస్ ఆట సామాన్ల దుకాణంల గుమాస్త, ఇరవై ఏండ్లు. ఇంగ్లాండ్ నుంచి హ్యారీ వార్డన్, టెడ్ రే వచ్చిండ్రు. వార్డన్ అప్పటికే ఐదుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెల్సినోడు. ఫ్రాన్సిస్ సంచి మోసింది పదేండ్ల ఎడ్డీ లౌరీ. బడి ఎగ్గొట్టి వచ్చిండు. సంచి పెద్దగ, పోరడు చిన్నగ. ఆ ఫొటో ఇయ్యాల్టికీ గోల్ఫ్ ఆడేటోళ్లందరికి ఎరుకే.

ఆఖరి రౌండుల పదిహేడో గుంత. ఇంటి ముంగటిది, చిన్నప్పుడు తలుపు తెరిస్తె కనవడ్డది. రోడ్డు మీద మోటర్లు హారన్లు కొట్టవట్టినయి. దూరంకెల్లి బంతి గుంతలేసిండు. ముగ్గురు 304 మీద సమానమైండ్రు. తెల్లారి సెప్టెంబర్ 20న, వానల ముగ్గురి నడుమ పోటీ. ఫ్రాన్సిస్ 72, వార్డన్ 77, రే 78. ఆనాడు సుత పదిహేడో గుంత కాడ ఒక దెబ్బ మిగిలిచ్చుకున్నడు. గుంపు భుజాల మీదికెత్తుకున్నది. ఎడ్డీ కోసం టోపీ తిప్పి పైసలు జమ చేసిండ్రు. అమెచ్యూరోడు ఆ పోటీ గెల్సుడు అదే మొదలు. అమెచ్యూర్ గన్క ఫ్రాన్సిస్‌కు పైసల బహుమానం లేదు.

1914ల దేశ అమెచ్యూర్ పోటీ గెల్సిండు. 1916ల మాత్రం గోల్ఫ్ సంఘం ఆయన అమెచ్యూర్ హోదా గుంజుకున్నది. ఎందుకంటే ఆట సామాన్ల దుకాణం పెట్టుకున్నడట, ఆట పేరుతోని సంపాదిస్తున్నట్టట. నాకిది అస్సలు మింగవడదు. పెద్దింటోడు ఊకనే కూసొని ఆడితె అమెచ్యూర్, మాలి కొడుకు దుకాణం పెట్టుకొని బతికితె కాదు. ఆయన యుద్ధంకని మిలిటరీల చేరినంక 1918ల సప్పుడు జెయ్యకుంట హోదా వాపసిచ్చిండ్రు. ఆయన దాని మీద పంచాయితి పెట్టలే. 1931ల మల్ల అదే అమెచ్యూర్ పోటీ గెల్సి, జవాబు అట్లిచ్చిండు.

1949ల ఆయన పేరు మీద స్కాలర్‌షిప్ నిధి పెట్టిండ్రు. మసాచుసెట్స్ గోల్ఫ్ మైదానాలల్ల సంచులు మోసినోళ్లకు, పని చేసినోళ్లకు కాలేజి ఫీజుల కోసం. ఇయ్యాల్టికీ నడుస్తనే ఉంది.

1951ల స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూస్‌ల రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఆయనను కెప్టెన్ చేసింది. ఆ పదవి అమెరికా మనిషికిచ్చుడు అదే మొదటిసారి. ఆడ ఒక రివాజు ఉంది. కొత్త కెప్టెన్ పొద్దుగాల మొదటి దెబ్బ కొడ్తడు. ఊరి క్యాడీలందరు దూరంగ గడ్డిల నిలవడి, ఆ బంతి కోసం ఉరుకుతరు. దొరికిచ్చుకున్నోడు తెచ్చి కెప్టెన్ చేతిలవెడ్తె, కెప్టెన్ బంగారు నాణెం ఇచ్చి తీస్కుంటడు. ఆ యేడు కొట్టింది విమెట్. పదహారేండ్లకు 1967 సెప్టెంబర్ 2న సచ్చిపోయిండు. క్లైడ్ స్ట్రీట్ మీద ఆ ఇల్లు ఇంకా ఉంది, పదిహేడో గుంత దిక్కు మొకం పెట్టుకొని.