సమర్పిత జీవి అజరయ్య

భగవంతునికి తన్ను తాను పూర్తిగా అప్పగించుకోవడాన్ని మన సాహిత్యం శరణాగతి అని పేర్కొన్నది. పోతన భాగవతంలోని గజేంద్రుడు తన బలం మీద నమ్మకమున్నంత కాలం మకరితో పోరాడాడు. ఆ బలం ఉడిగిన పిదపనే పరమాత్మను శరణు వేడాడు. ఇటువంటి భావాన్నే క్రైస్తవులు సమర్పణ అంటారు. కుమ్మరి చేతిలోని మట్టి వలె మానవుడు దేవుని చేతికి లొంగాలనీ, ఆ చేయి తనను కొత్త పాత్రగా మలచనివ్వాలనీ బైబిలు బోధిస్తుంది. ఆ మలచడం ఒక్క దినంలో ముగిసేది కాదు. జీవితమంతా సాగే ఆ సాధనకు తెలుగునేలపై నిదర్శనంగా నిలిచిన మహనీయుడు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ గురువు. తల్లి ఎలెన్ దైవభక్తి గల ఇల్లాలు. చిన్న వయసులోనే తండ్రిని కోల్పోయిన అజరయ్యను తల్లి క్రమశిక్షణతో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా ఆయన పట్టా పొందలేదు. 1895లో క్రైస్తవ యువజన సంఘంలో కార్యదర్శిగా చేరాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. పట్టణాలలో విద్యావంతులైన యువకుల మధ్య సభలు జరుపుతూ, దేశమంతా పర్యటిస్తూ మంచి కార్యకర్తగా పేరు గడించాడు. ఆ మార్గంలోనే సాగి ఉంటే ఆయన జీవితం గౌరవంగా, సుఖంగా గడచిపోయేది.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనంతో, తమవారినే ఇతర ప్రాంతాలకు సేవకులుగా పంపడం చూశాడు. తిరునెల్వేలిలో క్రైస్తవం తరతరాలుగా ఉన్నది. అయినా అక్కడివారు విదేశీయుల సహాయాన్ని అందుకోవడమే గాని, ఇతరులకు తాము చేసింది స్వల్పమే. ఈ ఆలోచన ఆయనను కలచివేసింది. ఫలితంగా 1903లో పాళయంకోటలో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. భారతీయుల ధనం, భారతీయుల సేవ, భారతీయుల నిర్వహణ ఆ సంఘానికి మూలసూత్రాలు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో ఏర్పడిన జాతీయ మిషనరీ సంఘానికి కూడా ఆయన స్థాపకులలో ఒకడు.

తిరునెల్వేలి సంఘం తన సేవకు ఎన్నుకొన్న ప్రదేశం నిజాం రాజ్యంలోని డోర్నకల్. అది నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. ఇతరులను ఆ మారుమూలకు పంపి తాను నగరంలో నిలిచిపోవడం అజరయ్యకు ఉచితంగా తోచలేదు. 1909లో గురుపట్టాభిషేకం పొంది ఆయనే డోర్నకల్‌కు తరలివచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది అయిదేళ్ళు. తెలుగు ఆయన మాతృభాష కాదు. ఆంగ్లంలో అనర్గళంగా ప్రసంగించగల వ్యక్తి బాలుని వలె అక్షరాలు దిద్ది, తెలుగును నేర్చి, తెలుగులోనే బోధించాడు. తనకున్న విద్యాగర్వాన్ని విడిచి పల్లెప్రజల పలుకుబడికి చెవి ఒగ్గడమే ఆయన సమర్పణలో తొలిమెట్టు.

సమర్పణ అనగా నోరు మూసుకొని తలవంచడం అని కొందరు భావిస్తారు. అజరయ్య జీవితం ఆ భావాన్ని సరిదిద్దుతుంది. 1910లో స్కాట్లండ్ దేశంలోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు పన్నెండు వందల మంది ప్రతినిధులలో ఆసియావాసులు బహుకొద్దిమంది. ఆ సభలో అజరయ్య లేచి, విదేశీ మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారు భారతీయులను సమానులుగా చూడటం లేదని నిర్మొహమాటంగా చెప్పాడు. దానం చేసే చేతులకన్నా స్నేహహస్తమే తమకు ముఖ్యమని కోరాడు. ఆ మాటలు కొందరికి రుచించలేదు. దేవునికి లొంగినవాడు మనుష్యుల అధికారానికి వెరవడని ఆనాడు రుజువైంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అంతకుముందు ఈ నియామకానికి అభ్యంతరాలు వచ్చాయి. తెల్లవారిపై భారతీయుడు అధికారం నెరపడం తగదన్నవారు కొందరు. కులం ఎంచి పెదవి విరిచినవారు మరికొందరు. ఆయన ఎవరినీ నిందించక, తన పనితోనే సమాధానం చెప్పాడు.

ఎద్దుబండిపై ఊరూరా తిరిగి ఆయన కలుసుకొన్నవారిలో అధికులు మాల, మాదిగ పేటలవారు. ఆ కాలంలో వారికి గుడి, బడి రెండూ దూరమే. వారిని పీడించే భూతాలు మురికి, రోగం, అప్పు, తాగుడు అని ఆయన గుర్తించాడు. విశ్వాసం నిజమైనదైతే ఈ నాలుగూ తొలగి, బ్రతుకు మారాలని ఆయన ఉద్దేశం. అందుకై పల్లెల్లో ఉపాధ్యాయులను నిలిపి, చదువు చెప్పించాడు. బాప్తిస్మం పొందినవారి చేత, తమ తలపై చేయి ఉంచుకొని, సువార్తను ఇతరులకు అందిస్తామని పలికించేవాడు. పేదవారు సైతం ఇచ్చేవారుగా ఎదగాలని బోధించాడు. వంటకు కొలిచిన బియ్యంలోనుండి పిడికెడు తీసి దేవుని కొరకు దాచే స్త్రీలు ఆ సంఘాలకు ఆధారమయ్యారు. పేటలలో వచ్చిన మార్పును కళ్ళారా చూసి, 1930 దశకంలో ఇతర కులాలవారు కూడా క్రైస్తవం వైపు ఆకర్షితులయ్యారు. 1941 నాటికి ఆయన అధ్యక్షమండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఈ మతాంతరీకరణల విషయంలో గాంధీ మహాత్మునికీ ఆయనకూ అభిప్రాయభేదం ఏర్పడింది. పేదవారికి తమ విశ్వాసాన్ని తామే ఎన్నుకొనే వివేకం ఉన్నదని అజరయ్య వాదించాడు. అదే సమయంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కేటాయించడాన్ని ఆయన వ్యతిరేకించాడు. తన సమాజం దేశం నుండి వేరుపడి లబ్ధి పొందడం ఆయనకు సమ్మతం కాలేదు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. దేవాలయ మంటపాలను తలపించే స్తంభాలు, మసీదులను గుర్తుకు తెచ్చే గుమ్మటాలు, మీనార్లు అందులో కలిసిమెలిసి కనబడతాయి. ఏ సంస్కృతినీ తుడిచివేయక, దానినే కొత్త ప్రయోజనానికి మలచడం ఆయన ఆశయం. ఆ కట్టడమే దానికి సాక్ష్యం.

వేరువేరు శాఖలుగా చీలిన దక్షిణ భారత క్రైస్తవులు ఏకం కావాలని 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ప్రయత్నానికి ఆయన ప్రధాన సారథి. పాతికేళ్ళకు పైగా ఆ చర్చలు సాగాయి. ఫలితం కంటితో చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్య కన్నుమూశాడు. ఆయన కోరిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న అవతరించింది.

విత్తు తన రూపాన్ని కోల్పోతేనే గాని మొలక రాదు. అజరయ్య తన ఊరిని, భాషను, సుఖాన్ని ఒక్కొక్కటిగా విడిచాడు. తాను మొదట మారి, పిమ్మట ఇతరులను మారమన్నాడు. ఫలితం తన కాలంలో కనబడకపోయినా పనిని ఆపలేదు. మతమేదైనా, మార్గమేదైనా, ఉన్నతాశయానికి తన్ను తాను అర్పించుకొన్నవారు తమ చుట్టూ ఉన్న లోకాన్ని కూడా మార్చగలరని ఆయన జీవితం చాటుతున్నది.