ఘోషా గుమ్మం దాకా వచ్చిన న్యాయం

ఉచిత న్యాయ సహాయం ఎవరికి అందాలన్న ప్రశ్నకు నేడు మన చట్టంలో స్పష్టమైన జవాబు ఉంది. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ షెడ్యూల్డు కులాల, తెగల వారినీ, స్త్రీలనూ, పిల్లలనూ, వెట్టిచాకిరీ బాధితులనూ అర్హులుగా గుర్తించింది. ఈ జాబితా ఒక్కరోజులో తయారైనది కాదు. ఈ దేశంలో నిస్సహాయులెవరన్న విషయమై తరాలపాటు సాగిన వాదన ఫలితమది. ఆ వాదన తొలి ఘట్టం తెలియాలంటే కార్నీలియా సోరాబ్జీ జీవితాన్ని చదవాలని నా విద్యార్థులకు చెబుతుంటాను. ఆమె సాధించినదాన్నీ, ఆమె చూడలేకపోయినదాన్నీ కలిపి చదివితేనే ఆ జీవితం మనకు ఉపయోగపడుతుంది.

కార్నీలియా 1866 నవంబరు 15న నాసిక్‌లో పుట్టారు. తండ్రి పార్శీ మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన మతబోధకుడు. తల్లి ఫ్రాన్సినా పుణెలో బడులు నడిపారు. 1848లో సావిత్రీబాయి, జోతీరావు ఫూలేలు ఆడపిల్లలకు బడి తెరిచిన పట్టణమది. అక్కడి దక్కన్ కాలేజీలో చదివిన కార్నీలియా 1880లలో బొంబాయి విశ్వవిద్యాలయపు తొలి మహిళా పట్టభద్రురాలయ్యారు. పరీక్షలో ఆమె సాధించిన స్థానానికి ఇంగ్లండులో చదివేందుకు ప్రభుత్వ విద్యార్థివేతనం దక్కాలి. స్త్రీ అన్న కారణంతో దాన్ని నిరాకరించారు. ఇంగ్లండులోని శ్రేయోభిలాషులు చందాలు పోగుచేయగా 1889లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్‌లో చేరారు. 1892లో ప్రత్యేక అనుమతితో పురుషుల సరసన కూర్చుని బి.సి.ఎల్. పరీక్ష రాశారు. అక్కడ ఆ పరీక్ష రాసిన తొలి మహిళ ఆమే. అయితే 1920 దాకా ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలే ఇవ్వలేదు.

స్వదేశానికి వచ్చాక కూడా తలుపులు తెరుచుకోలేదు. 1897లో బొంబాయి ఎల్.ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు వకీలు పరీక్ష పూర్తిచేశారు. అయినా వకీలుగా నమోదు చేసుకోవడానికి న్యాయస్థానం ఒప్పుకోలేదు. చదువులో లోటు లేదు, తెలివిలో లోటు లేదు. పుట్టుకను చూపి అర్హతను తోసిపుచ్చారు. కులం గురించి ఆలోచించే పాఠకులకు ఈ తర్కం కొత్తది కాదు.

ఆ కాలపు జమీందారీ కుటుంబాల స్త్రీలు పరదా వెనుక ఉండేవారు. మన వైపు దాన్ని ఘోషా అనేవారు. విశాఖపట్నంలోని ఘోషా ఆసుపత్రి పేరులో ఆ మాట ఇప్పటికీ మిగిలి ఉంది. వకీళ్లు, గుమాస్తాలు, న్యాయాధికారులు అందరూ పురుషులే కాబట్టి ఈ స్త్రీలకు ఆస్తి ఉన్నా, ఆ ఆస్తి గురించి తమ మాట చెప్పుకునే దారి లేదు. దివాను తెచ్చిన కాగితం మీద తెర వెనుక నుంచి వేలిముద్ర పడేది. అందులో ఏముందో ఆమెకు తెలిసేది కాదు. భర్త చనిపోయి, వారసుడు పసివాడైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనంలోకి, అంటే ప్రభుత్వ నిర్వహణలోకి వెళ్లేది. తెలుగు జమీందారీలు కొన్ని కూడా ఆ వ్యవస్థ కిందికి వెళ్లినవే.

ఈ స్త్రీలకు ఒక మహిళా న్యాయ సలహాదారు కావాలని కార్నీలియా 1902 నుంచి లండన్‌లోని ఇండియా ఆఫీసును కోరుతూ వచ్చారు. 1904లో బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆమెను నియమించారు. కొద్దికాలంలోనే ఆమె పని బెంగాల్, బీహార్, ఒరిస్సా, అస్సాం ప్రాంతాలకు విస్తరించింది. ఆమె స్వయంగా జనానాలోకి వెళ్లి, వితంతువు చెప్పేది విని, చట్టం ఏమంటుందో వివరించి, ఆమె కోరికను అధికారుల ముందు పెట్టేవారు. ఎస్టేటు వివాదాలు చక్కదిద్దారు. మైనరు వారసుల చదువు చూశారు. రెండు దశాబ్దాల్లో సుమారు 600 మంది స్త్రీలకూ పిల్లలకూ ఆమె సాయం అందిందని అంచనా. కోర్టుకు రాలేని మనిషి దగ్గరికి చట్టమే నడిచి వెళ్లాలన్న సూత్రాన్ని ఆమె ఆచరణలో చూపారు. ఆ ఘనతను తగ్గించి చెప్పడం అన్యాయం.

అయితే ఆ నడక ఏ గుమ్మాల దగ్గర ఆగింది? 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్‌ను గమనించండి. దేశాచారం ప్రకారం బహిరంగంగా కనిపించకూడని స్త్రీలకు కోర్టు హాజరు నుంచి అది మినహాయింపు ఇచ్చింది. పొలంలో నాట్లు వేసే మాల, మాదిగ స్త్రీ, ఊరు ఊడ్చే స్త్రీ రోజంతా బహిరంగంగానే కనిపిస్తారు. వారిని దాచే తెర లేదు కాబట్టి వారి మర్యాద చట్టం దృష్టికి రాలేదు. ఎస్టేటు లేదు కాబట్టి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వారి గడప తొక్కలేదు. కార్నీలియా రక్షించిన కుటుంబాలు ప్రధానంగా అగ్రకుల హిందూ, సంపన్న ముస్లిం జమీందారీ కుటుంబాలు. వారి ఎస్టేటుకు శిస్తు కట్టిన రైతు భార్య, ఆ రైతు దగ్గర కూలికి వెళ్లిన స్త్రీ ఆ ఉద్యోగ పరిధిలోనే లేరు.

ఇది ఆమె ఒక్కరి లోపం కాదని ఒప్పుకుంటాను. కానీ ఆమె రాజకీయ దృష్టి కూడా ఈ గీతను దాటలేదు. బ్రిటిష్ పాలనను సమర్థించారు, గాంధీ ఉద్యమాన్ని వ్యతిరేకించారు, సనాతన కుటుంబ జీవితాన్ని గౌరవించారు, సంస్కరణ నెమ్మదిగా రావాలన్నారు. ఆమె జనానాల్లో తిరుగుతున్న రోజుల్లోనే, 1916లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న అంబేడ్కర్ కులాల పుట్టుకపై ఒక పత్రం సమర్పించారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం అనే మూడు ఆచారాలూ కులం లోపలే పెళ్లిళ్లు జరిగే కట్టుబాటును కాపాడే సాధనాలని అందులో వివరించారు. కార్నీలియా వితంతువుల వేదనను ఒక్కొక్క కేసుగా చూశారు. అంబేడ్కర్ ఆ వేదనకు మూలం చూపారు. ఆ మూలం తెలిస్తే తెర వెనుక వితంతువూ పొలంలోని కూలి స్త్రీ ఒకే వ్యవస్థకు రెండు కొసలని అర్థమవుతుంది.

స్త్రీలు న్యాయవాద వృత్తిలోకి రావచ్చునన్న చట్టం 1923లో వచ్చింది. మరుసటి ఏడాది కలకత్తాలో కార్నీలియా వృత్తి చేపట్టారు. అప్పటికి ఆమె వయసు యాభై ఏడు దాటింది. పురుషుల వివక్ష వల్ల వాదించే అవకాశం తక్కువై, ఎక్కువగా అభిప్రాయాలు రాయడానికే పరిమితమై, 1929లో విరమించి లండన్‌లో స్థిరపడ్డారు. 1923లోనే బొంబాయి హైకోర్టులో వృత్తి ప్రారంభించిన అంబేడ్కర్, 1928లో బొంబాయి శాసన మండలిలో ఫ్యాక్టరీ స్త్రీలకు ప్రసూతి ప్రయోజనం కోసం వాదించారు. ఆస్తి లేని స్త్రీ అలా చట్టం ముందుకు వచ్చింది.

కార్నీలియా 1954 జులై 6న కన్నుమూశారు. హిందూ వితంతువుకు ఆస్తిపై సంపూర్ణ హక్కు ఇచ్చిన చట్టం మరో రెండేళ్లకు వచ్చింది. ఆ బిల్లు ముందుకు సాగనందుకే 1951లో అంబేడ్కర్ మంత్రి పదవి వదులుకున్నారు. పేదలకు ఉచిత న్యాయ సహాయం 1976లో 39-ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేరింది.

నేడు 12వ సెక్షన్ జాబితాలో దళిత స్త్రీ పేరు ఉంది. కానీ అఘాయిత్యం జరిగిన వాడలో న్యాయవాది ఆమె ఇంటికి వచ్చేదాకా, ఆమె భాషలో ఆమె మాట వినేదాకా, ఫిర్యాదు కాగితంలో ఏముందో ఆమెకు చదివి చెప్పేదాకా ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. జమీందారు వితంతువు కోసం నూరేళ్ల కిందట ప్రభుత్వం జీతమిచ్చి చేయించిన పని అదే. భూమిలేని స్త్రీ కోసం దాన్ని చేయించలేమని ఏ ప్రభుత్వమూ అనజాలదు. న్యాయశాస్త్రం చదివే యువతీయువకులు కార్నీలియా నుంచి ఆ నడకను నేర్చుకోవాలి. ఎటు నడవాలో అంబేడ్కర్ నుంచి నేర్చుకోవాలి.