అందరి తలలూ చూసిన డాక్టరు తలలో...

మొహం గుండ్రంగా ఉబ్బిపోయి, పొట్ట పెరిగి, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడిపోయే హార్మోను జబ్బు ఒకటుంది. దాన్ని కుషింగ్స్ వ్యాధి అంటారు. ఆ పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. ఆ జబ్బును 1932లో వివరించిన డాక్టరే హార్వే కుషింగ్. మెదడు ఆపరేషన్లకు దారి వేసింది కూడా ఆయనే.

ఆయన 1869లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో పుట్టారు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి, తాత, ముత్తాత అందరూ డాక్టర్లే. హార్వర్డ్‌లో వైద్యం చదివే రోజుల్లో ఆయన మత్తు ఇచ్చిన రోగి ఒకరు చనిపోయారు. ఆ బాధ ఆయన్ని ఊరికే ఉండనివ్వలేదు. మత్తులో ఉన్న రోగి నాడిని నిమిష నిమిషానికీ కాగితం మీద రాసిపెట్టే అలవాటు స్నేహితుడితో కలిసి మొదలుపెట్టారు. ఇప్పుడు మన చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తున్నారే, ఆ పరికరాన్ని 1901లో ఇటలీలో చూసి అమెరికాకు తీసుకెళ్లిందీ ఆయనే.

అప్పట్లో స్కానింగులు లేవు. ఎక్స్‌రేలో పుర్రె ఎముక కనిపించేది గానీ లోపలి మెదడు కనిపించేది కాదు. చూపు మందగించడం, నడక తూలడం, పొద్దున్నే వాంతులు కావడం... ఇలాంటి గుర్తులు పట్టుకునే కణితి ఎక్కడుందో అంచనా కట్టాలి. అంటే, ఆయన దగ్గరికి వచ్చేసరికే జబ్బు ముదిరి ఉండేదన్నమాట. వచ్చినవాళ్లలో చిన్నపిల్లలూ ఉండేవారు. రక్తం ఆపడానికి 1911లో చిన్న వెండి క్లిప్పులు, 1926లో కరెంటుతో పనిచేసే పరికరం వాడకంలోకి తెచ్చారు. ఆపరేషన్ బల్ల మీది చావులను నూటికి పది లోపుకు దించారు. 1931 నాటికి రెండువేల మెదడు కణితుల ఆపరేషన్లు పూర్తిచేశారు.

ఇంటి సంగతి వేరు. అయిదుగురు పిల్లల పెంపకమంతా భార్య క్యాథరీన్ మీదే పడింది. 1926లో పెద్దకొడుకు కారు ప్రమాదంలో పోయాడని కబురొచ్చిన రోజున కూడా, ముందు చేయాల్సిన ఆపరేషన్ చేసే వెళ్లారు. పట్టుదల అనాలో, మరేమనాలో మీరే చెప్పండి.

ఆయన వెనక ఒక స్త్రీ శ్రమ కూడా ఉంది. లూయీస్ ఐసెన్‌హార్ట్ 1915లో ఆయన దగ్గర సహాయకురాలిగా చేరి, తర్వాత తనూ డాక్టరయ్యారు. కణితులను మైక్రోస్కోపులో చూసి నిర్ధారించడం, ఏ రోగి ఎన్నేళ్లు బతికారో పద్దు రాయడం ఆమె పనే. ఆ సీసాలు, ఫొటోలు ఇప్పటికీ యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

1939 అక్టోబర్ 7న కుషింగ్ గుండెజబ్బుతో పోయారు. శవపరీక్షలో మెదడు మధ్య, నీరు తిరిగే గదిలో, సెంటీమీటరు తిత్తి కనిపించింది. కొల్లాయిడ్ సిస్ట్ అంటారు దాన్ని. అది ఉందని ఆయనకే తెలీదు! చిత్రమేమిటంటే, అలాంటి తిత్తిని 1921లో మొదట విజయవంతంగా తీసింది ఆయనకు బద్ధ పోటీదారైన వాల్టర్ డాండీ.

ఇవాళ ఆ తిత్తి ఆయన బతికుండగానే స్కానింగులో దొరికేది. మన పిల్లల విషయంలో జరుగుతున్నదీ ఇదే. సైకిల్ మీంచి పడ్డాడని స్కానింగ్ తీయిస్తే, దెబ్బతో సంబంధం లేని నీటితిత్తి ఒకటి రిపోర్టులో కనిపిస్తుంది. ఇక తల్లికి నిద్ర ఉండదు. మెదడు పైపొరలో ఉండే నీటితిత్తులు ఎమ్మారై తీసిన పిల్లల్లో వందకు ఇద్దరు ముగ్గురికి కనిపిస్తాయి. చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఎమ్మారై తీసి, పెరిగిందా లేదా చూస్తారు. సీటీకి రేడియేషన్ ఉంటుంది కాబట్టి పదేపదే అది తీయించరు. మరీ చిన్నపిల్లలైతే కదలకుండా ఉండటానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు, ముందే అడగండి.

అలాగని అన్నీ ఒకటి కావు. కుషింగ్‌కి ఉన్నలాంటి తిత్తి నీటిదారికి అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. పిల్లల్లో అది అరుదు గానీ, కనిపిస్తే ఊరుకోరు. అందుకే రిపోర్టు పట్టుకుని మెదడు సర్జన్‌ని చూడండి. తిత్తి ఎక్కడుంది, నీటిదారికి అడ్డుందా, పిల్లాడి తలనొప్పికి కారణం అదేనా అని అడగండి. పొద్దున్నే తలనొప్పితో వాంతులు, కొత్తగా మెల్లకన్ను, తూలుడు, ఫిట్స్, మగత, పసివాళ్లకు తల త్వరగా పెద్దదవడం... వీటిలో ఏది కనిపించినా తర్వాతి స్కానింగ్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.